పిల్లల డాక్టరు – యానుష్ కోర్చాక్

యుద్ధం అనగానే మనకు రణరంగం, సైనికులు, ఫిరంగులు స్ఫురిస్తాయి. కాని యుద్ధంతో ఏ సంబంధమూ లేకుండానే దాని ఫలితాన్ని అందరికంటె ఎక్కువగా అనుభవించేవారు పసిపిల్లలు. తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డకు పట్టెడన్నం పెట్టడం, తలదాచుకొనే నీడ చూపడం ఎంత అవసరమో, భయంతో ముడుచుకొనిపోయిన ఆ బిడ్డ మనసును నిలబెట్టడం కూడ అంతే అవసరం. ఈ రెండవ పనిని ఎట్లా చేయాలో జీవితమంతా అన్వేషించి, ఆ మార్గంలోనే ప్రాణాలను సమర్పించిన మహనీయుడు పోలండు దేశీయుడైన యానుష్ కోర్చాక్. ఆయన వైద్యుడు, రచయిత, విద్యావేత్త. అన్నింటికంటె మించి, వందలాది అనాథ బాలలకు తండ్రి.

కోర్చాక్ 1878వ సంవత్సరం జూలై 22వ తేదీన వార్సా నగరంలో జన్మించాడు. ఆయన జన్మించినది 1879లో అని చెప్పేవారు కూడ ఉన్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. తండ్రి పేరుపొందిన న్యాయవాది. వారిది యూదు కుటుంబమే అయినా, పోలిష్ భాషనూ ఆచార వ్యవహారాలనూ తమవిగా చేసుకొని జీవించిన కుటుంబం. ఆనాటికి పోలండు స్వతంత్ర దేశం కాదు. వార్సా నగరం రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. పాఠశాలలలో బోధన రష్యన్ భాషలో జరిగేది. బెత్తమే అక్కడ ప్రధాన బోధనోపకరణం. పెద్దలు పిల్లలను మనుషులుగా గుర్తించరన్న భావం ఆయన మనసులో నాటుకొన్నది ఆ రోజులలోనే.

బాల్యంలో జరిగిన ఒక చిన్న సంఘటనను ఆయన జీవితాంతం మరచిపోలేదు. అప్పుడు ఆయనకు ఐదేళ్లు. ముద్దుగా పెంచుకొన్న కేనరీ పిట్ట చనిపోయింది. దానిని పెరట్లో పాతిపెట్టి, పైన చిన్న శిలువను నిలపాలని ఆ పసివాడు ఆశపడ్డాడు. ఇంటి కాపలాదారు కొడుకు అడ్డుపడి, ఆ పిట్ట యూదు పిట్ట అనీ, దానికి శిలువ తగదనీ చెప్పాడు. తాను నలుగురిలో వేరైనవాడినని ఆ బాలునికి మొదటిసారి తెలిసినది అప్పుడే. పెద్దలకు అల్పంగా కనిపించే విషయం పసిమనసుపై ఎంత లోతైన గాయం చేయగలదో స్వానుభవంతో గ్రహించినవాడు ఆయన.

హెన్రిక్ యౌవనంలో అడుగుపెట్టేనాటికి తండ్రి మతిస్థిమితం కోల్పోయాడు. వైద్యానికి ఉన్న ఆస్తి కరగిపోయింది. 1896లో తండ్రి మరణించాడు. కుటుంబ పోషణకోసం హెన్రిక్ సంపన్నుల పిల్లలకు ఇంటివద్ద పాఠాలు చెప్పడం ప్రారంభించాడు. 1898లో ఒక నాటక రచనల పోటీకి తన రచనను పంపుతూ యానుష్ కోర్చాక్ అనే కలం పేరును స్వీకరించాడు. ఒక పోలిష్ నవలలోని పాత్ర పేరు అది. ఆ పేరే ఆయనకు శాశ్వత నామధేయమైంది. అదే సంవత్సరం వైద్యవిద్యలో చేరాడు. పట్టా పుచ్చుకొన్న తరువాత వార్సాలోని ఒక బాలల వైద్యశాలలో 1912 వరకు పనిచేశాడు. రుష్యా–జపాన్ యుద్ధకాలంలో సైనిక వైద్యుడుగా తూర్పు ప్రాంతానికి వెళ్లాడు.

వైద్యశాలలో ఆయనకు ఒక సత్యం బోధపడింది. జబ్బు నయమై ఇంటికి వెళ్లిన పేదపిల్లవాడు మరల అదే ఆకలికి, అదే మురికికి, అదే దెబ్బలకు తిరిగి వెళుతున్నాడు. మందు శరీరాన్ని బాగుచేయగలదుగాని బాల్యాన్ని బాగుచేయలేదు. అందువలన మంచి ఆదాయం, పేరు ఉన్న వైద్యవృత్తిని విడిచి, అనాథాశ్రమ నిర్వహణకు తనను తాను అర్పించుకొన్నాడు. 1912లో క్రోహ్‌మల్నా వీధిలో 92వ నంబరు భవనంలో యూదు అనాథ బాలలకోసం ఆశ్రమం ప్రారంభమైంది. కోర్చాక్ దాని సంచాలకుడు. స్టెఫానియా విల్చిన్‌స్కా అనే విదుషీమణి ఆయనకు కుడిభుజంగా నిలిచింది. ఆశ్రమ దైనందిన వ్యవహారమంతా ఆమె చేతిమీదుగా నడిచేది. కోర్చాక్ వివాహం చేసుకోలేదు. ఆశ్రమం పైకప్పు కింద ఉన్న చిన్న గదిలోనే నివసించాడు. పిల్లలు ఆయనను డాక్టరుగారూ అని పిలిచేవారు.

ఆ ఆశ్రమంలో చేరిన పిల్లలు సామాన్యమైన పిల్లలు కారు. కొందరు తల్లిదండ్రుల మరణాన్ని కళ్లారా చూసినవారు. కొందరు వీధులలో దొంగతనాలు నేర్చినవారు. ఎవరినీ నమ్మనివారు, చేయి ఎత్తితే చాలు కొడతారేమోనని తల దాచుకొనేవారు ఎందరో. వారిని ఓదార్పు మాటలతో మార్చవచ్చునని కోర్చాక్ భావించలేదు. రేపు ఏమి జరుగుతుందో తెలియని స్థితియే భయానికి మూలమని ఆయన గుర్తించాడు. కాబట్టి రేపు ఏమి జరుగుతుందో పిల్లవానికి ముందుగా తెలియాలి. ఆ జరిగేదానిలో అతనికి కూడ ఒక పని, ఒక మాట, ఒక హక్కు ఉండాలి. ఆయన నెలకొల్పిన పద్ధతులన్నింటికీ ఈ ఆలోచనయే పునాది.

కొత్తగా వచ్చిన ప్రతి బిడ్డకూ అప్పటికే అక్కడ ఉన్న ఒక పెద్ద పిల్లవాడో పిల్లో కొన్ని నెలలపాటు సంరక్షకులుగా ఉండేవారు. ఆశ్రమం తీరుతెన్నులను చెప్పడం, తప్పు చేస్తే సరిదిద్దడం, ఏడిస్తే పక్కన కూర్చోవడం వారి బాధ్యత. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండేది. ఊడ్వడం, బల్లలు తుడవడం, కూరగాయలు తరగడం, పుస్తకాలు సర్దడం వంటి పనులను పిల్లలు వంతులవారీగా చేసేవారు. చీపురు పట్టడం తక్కువ పని కాదని చూపడానికి డాక్టరుగారే భోజనానంతరం ఎంగిలి పళ్లాలు ఎత్తేవాడు. వారానికి ఒకసారి పిల్లలందరి బరువునూ ఎత్తునూ స్వయంగా కొలిచేవాడు. ఆ కొలత వైద్యపరీక్ష మాత్రమే కాదు. ఆ కాసేపు ప్రతి పిల్లవాడూ డాక్టరుగారికి ఎదురుగా నిలబడి, తన గురించి ఆయన అడిగే నాలుగు మాటలు వినేవాడు.

ఆశ్రమంలో ఒక ఉత్తరాల పెట్టె ఉండేది. ఏదైనా కోరిక గాని, ఫిర్యాదు గాని ఉంటే కాగితంమీద రాసి అందులో వేయాలి. నోటితో చెప్పకుండా రాయమనడంలో ఒక సూక్ష్మముంది. రాయడానికి కూర్చున్న పిల్లవాడు తనకు కావలసినది ఏమిటో ఆలోచిస్తాడు. జవాబు వచ్చేదాకా ఓర్పు వహిస్తాడు. ఈ లోపల కోపం సగం చల్లారుతుంది. చెడు అలవాటు మానదలచినవారితో డాక్టరుగారు పందెం కాసేవాడు. ఈ వారం ఇన్నిసార్లకు మించి కొట్లాడనని పిల్లవాడు మాట ఇవ్వాలి. గెలిస్తే మిఠాయి. ఒక్కసారిగా మంచివాడివి కమ్మని ఆజ్ఞాపించడంకంటె, కొంచెం కొంచెంగా తనను తాను గెలవడం నేర్పడం మేలని ఆయన విశ్వాసం.

వీటన్నింటికంటె విశిష్టమైనది పిల్లల న్యాయస్థానం. ఎవరిమీదనైనా ఫిర్యాదు ఉంటే ఆ న్యాయస్థానంలో వేయవచ్చు. ఆ వారంలో ఏ వ్యాజ్యమూ లేని పిల్లలనుండి చీట్లు తీసి ఐదుగురిని న్యాయమూర్తులుగా ఎన్నుకొనేవారు. ఈ న్యాయస్థానానికి కోర్చాక్ రచించిన శిక్షాస్మృతి విచిత్రమైనది. అందులో మొదటి తొంబది తొమ్మిది సూత్రాలూ క్షమించడానికి గల కారణాలే. తెలియక చేశాడని, పశ్చాత్తాపపడుతున్నాడని, మరల చేయడని ఆశిస్తున్నామని, ఇట్లా ఏదో ఒక కారణంతో నిందితుని విడిచిపెట్టవచ్చు. నూరవ సూత్రం మొదలుకొని మాత్రమే తప్పు తప్పుగా పరిగణింపబడుతుంది. వెయ్యవ సూత్రం ఆశ్రమంనుండి బహిష్కరణ. ఉపాధ్యాయులపై కూడ పిల్లలు వ్యాజ్యం వేయవచ్చు. డాక్టరుగారే ఆరు నెలల కాలంలో ఐదుసార్లు ఆ న్యాయస్థానం ఎదుట నిందితుడుగా నిలిచాడు. తీర్పును శిరసావహించాడు. బలవంతునికి కూడ నియమం వర్తిస్తుందని కళ్లారా చూసిన పిల్లవానికి లోకంపై నమ్మకం చిగురిస్తుంది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. కోర్చాక్ మరల సైనిక వైద్యుడుగా వెళ్లవలసి వచ్చింది. ఆ కాలమంతా స్టెఫానియా ఆశ్రమాన్ని కాపాడింది. క్షతగాత్రుల నడుమ, యుద్ధవైద్యశాలలలో దొరికిన తీరికలో పిల్లల పెంపకాన్ని గురించి ఆయన ఒక గ్రంథం రచించాడు. బిడ్డను ప్రేమించడం ఎట్లా అన్నది దాని శీర్షికకు అర్థం. యుద్ధానంతరం స్వతంత్ర పోలండు అవతరించింది. 1919లో మరినా ఫాల్స్కా అనే విద్యావేత్తతో కలిసి కార్మికుల పిల్లలకోసం మరొక ఆశ్రమాన్ని స్థాపించాడు. సోవియట్ సేనలతో జరిగిన యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేస్తూ టైఫస్ జ్వరానికి గురయ్యాడు. ఆయనకు సేవచేసిన తల్లి ఆ జ్వరంతోనే 1920లో మరణించింది. ఈ దుఃఖం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

తరువాతి సంవత్సరాలలో కోర్చాక్ కీర్తి దేశమంతటా వ్యాపించింది. బాలరాజు మాట్ కథగా ప్రసిద్ధమైన ఆయన నవల పోలండులో ఇంటింటా చదివే పుస్తకమైంది. 1926లో ఆయన పిల్లలకోసం ఒక వార్తాపత్రికను ప్రారంభించాడు. దాని పేరుకు చిన్న సమీక్ష అని అర్థం. ఒక దినపత్రికకు అనుబంధంగా వెలువడిన ఆ పత్రికలో రచనలు చేసేవారు, వార్తలు పంపేవారు పిల్లలే. రేడియోలో వృద్ధ వైద్యుడు అనే పేరుతో ఆయన చేసిన ప్రసంగాలను పిల్లలూ పెద్దలూ ఆసక్తితో వినేవారు. అయితే ఐరోపాలో యూదు ద్వేషం నానాటికీ పెరుగుతున్న కాలమది.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండుపై దండెత్తింది. రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. వార్సాపై బాంబులు కురిశాయి. అరవై సంవత్సరాల వయసులో కోర్చాక్ తన పాత సైనిక దుస్తులు ధరించి వీధులలో తిరుగుతూ గాయపడినవారికి సాయపడ్డాడు. రేడియోలో మాట్లాడి ప్రజలకు ధైర్యం చెప్పాడు. నగరం నాజీల వశమైన తరువాత యూదులందరూ చేతికి గుర్తుపట్టీ ధరించాలని ఆజ్ఞ వెలువడింది. ఆయన ఆ పట్టీని ధరించడానికి నిరాకరించాడు.

1940లో నాజీలు వార్సాలోని యూదులను నగరంలో ఒక భాగంలోనికి తరిమి, చుట్టూ ఎత్తైన గోడ కట్టారు. ఇటువంటి నిర్బంధ ప్రాంతానికి ఘెట్టో అని పేరు. ఆ ఇరుకు ప్రదేశంలో నాలుగు లక్షలకు పైగా జనాన్ని కుక్కారు. నవంబరులో ఆశ్రమం తన ఇంటిని విడిచి గోడల లోపలికి వెళ్లవలసి వచ్చింది. ఆ ప్రయాణం పిల్లలకు భయంకరమైన అనుభవం కాకూడదని కోర్చాక్ భావించాడు. పిల్లలు తాము గీసిన బొమ్మలూ, తమకు ప్రియమైన వస్తువులూ పట్టుకొని ఊరేగింపులా నడిచారు. దారిలో ఆశ్రమానికి చెందిన బంగాళదుంపల బండిని నాజీ సైనికులు లాక్కొన్నారు. ఆయన ఆ దుంపలకోసం జర్మన్ అధికారుల వద్దకు వెళ్లి నిలదీశాడు. ఫలితంగా చెరసాల పాలయ్యాడు. దాదాపు ఒక నెల తరువాత పూర్వవిద్యార్థుల ప్రయత్నంతో విడుదలై, మరింత క్షీణించిన ఆరోగ్యంతో పిల్లల వద్దకు చేరుకొన్నాడు.

ఘెట్టోలో ఆకలి, టైఫస్ జ్వరం జనాన్ని బలిగొన్నాయి. వీధులలో శవాలు పడి ఉండేవి. 1941లో ఘెట్టో పరిధిని కుదించినప్పుడు ఆశ్రమం మరొకసారి తరలి షెన్నా వీధికి చేరింది. అప్పటికి పిల్లల సంఖ్య దాదాపు 200. వారందరికీ ఒక పెద్ద హాలు ప్రధాన నివాసం. పగలు అది భోజనశాల, పాఠశాల, ఆటస్థలం. రాత్రి అదే పడకగది. కోర్చాక్ ప్రతిదినం సంచి భుజాన వేసుకొని, ఉన్నవారి గడపలెక్కి పిల్లలకోసం యాచించేవాడు. కొన్నిచోట్ల అవమానాలు కూడ ఎదురయ్యేవి. సంచి నిండకుండా తిరిగివచ్చిన దినాలు అనేకం.

ఆ స్థితిలో సైతం ఆయన ఆశ్రమ క్రమాన్ని సడలనీయలేదు. పాఠాలు జరిగేవి. పనుల వంతులు కొనసాగేవి. వారంవారం బరువు తూచడం ఆగలేదు. పెరగవలసిన బరువులు తరగుతున్నాయని తెలిసినా తూచేవాడు. న్యాయస్థానం సమావేశమయ్యేది. శనివారాలలో ఆశ్రమ పత్రికను పిల్లలందరి ముందు చదివేవారు. కుట్టుపని సాగేది. పిల్లలు దినచర్యలు రాసేవారు. సంగీత సభలు, ఉపన్యాసాలు ఏర్పాటయ్యేవి. మూసుకొనిపోయిన గదులలో వాడిపోతున్న తమకు పచ్చదనం కావాలని కోరుతూ, సమీపంలోని చర్చి తోటలో కాసేపు ఆడుకోనివ్వమని పిల్లలే కొందరు అక్కడి మతాధికారికి వినయంగా ఉత్తరం రాశారు. ఆశ్రమంలోని ఉత్తరాల పెట్టె వారికి నేర్పిన విద్య అది. తమ కోరికను స్పష్టంగా, మర్యాదగా అడిగే శక్తిని గోడలు కూడ వారినుండి హరించలేకపోయాయి.

గోడ బయట మృత్యువు తాండవిస్తుండగా పిల్లల న్యాయస్థానం, పత్రిక, బరువుల పట్టిక ఎందుకని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. అదే ఘెట్టోలోని మరొక బాలల శరణాలయం దీనికి సమాధానం చెబుతుంది. అక్కడ సుమారు వేయిమంది పిల్లలు ఆలనాపాలనా లేక దినదినమూ మరణిస్తుండేవారు. 1942 ఫిబ్రవరిలో కోర్చాక్ తానే దరఖాస్తు పెట్టుకొని ఆ శరణాలయ బాధ్యతను కూడ స్వీకరించాడు. ఆకలి రెండుచోట్లా ఉంది. కాని అక్కడ పిల్లలను పేరుపెట్టి పిలిచేవారు లేరు, వారికొక పని లేదు, వారి ఫిర్యాదు వినే చెవి లేదు. బిడ్డ అన్నం లేక క్షీణిస్తాడు. తాను ఎవరికీ ఏమీ కానన్న భావంతో మరింత త్వరగా క్షీణిస్తాడు.

1942 వేసవినాటికి జరుగబోయేది ఏమిటో పెద్దలు ఊహింపసాగారు. ఆ సమయంలో పిల్లలచేత ఒక నాటకం ప్రదర్శింపజేయాలని కోర్చాక్ సంకల్పించాడు. ఎన్నుకొన్న నాటకం మన విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు రచించిన డాక్‌ఘర్, అనగా పోస్టాఫీసు. అందులోని అమల్ అనే బాలుడు వ్యాధిగ్రస్తుడు. వైద్యుని ఆజ్ఞవలన గది దాటి బయటకు పోరాదు. కిటికీ వద్ద కూర్చొని పెరుగు అమ్మేవానితో, కావలివానితో, పూలు కోసే బాలికతో ముచ్చటిస్తూ లోకాన్నంతా ఊహించుకొంటాడు. రాజుగారినుండి తనకు ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తాడు. చివరకు రాజవైద్యుడు వచ్చి తలుపులన్నీ తెరిపిస్తాడు. అమల్ ప్రశాంతంగా నిద్రలోనికి జారుకొంటాడు.

ఎస్తేర్కా అనే యువ ఉపాధ్యాయిని నాటకాన్ని తీర్చిదిద్దింది. జూలై 18వ తేదీన ఆహ్వానితుల ఎదుట ప్రదర్శన జరిగింది. బెంగాలు పల్లె వాతావరణంలో పుట్టిన ఆ బాలుడు వార్సా ఘెట్టోలో పుట్టినవాడుగానే ఆ పిల్లలకు తోచి ఉంటాడు. వారికి కూడ బయటకు పోయే వీలులేదు. వారు కూడ గోడ అవతలి లోకాన్ని ఊహించుకొనేవారే. ఈ నాటకాన్నే ఎందుకు ఎన్నుకొన్నారని అడిగినవారికి, మృత్యువు వచ్చినప్పుడు దానిని ప్రశాంతంగా స్వీకరించడం పిల్లలు నేర్వాలన్నదే తన ఉద్దేశమని ఆయన చెప్పాడని అంటారు. ఠాగూరు అప్పటికి కీర్తిశేషుడై దాదాపు ఒక సంవత్సరం కావస్తున్నది. తన అమల్ ఎంత దూరం వెళ్లి ఎవరికి తోడుగా నిలిచాడో ఆ మహాకవి ఎరుగడు.

నాటకం జరిగిన నాలుగవ నాడు, అనగా జూలై 22న, ఘెట్టో ప్రజలను రైళ్లలో ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించడం ప్రారంభమైంది. రెండు నెలలలో రెండున్నర లక్షలకు పైగా జనాన్ని ఆ విధంగా తరలించారు. కోర్చాక్‌ను రహస్యంగా గోడ దాటించడానికి మిత్రులు పలుమార్లు ప్రయత్నించారు. ఆయన ఒప్పుకోలేదు. పిల్లలను విడిచి తాను మాత్రం బయటపడడమన్నది ఆయన ఆలోచనకే అందని విషయం.

ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం సైనికులు ఆశ్రమాన్ని చుట్టుముట్టారు. సిద్ధపడడానికి ఇచ్చిన సమయం స్వల్పం. ఏండ్ల తరబడి అలవాటైన క్రమమే ఆనాడు వారికి ఆసరా అయింది. పిల్లలు వరుసలలో నిలబడ్డారు. వారికి ముందు కోర్చాక్ నడిచాడు. స్టెఫానియా, ఇతర ఉపాధ్యాయులు పిల్లల వెంట నడిచారు. ఏడుపులు, తొక్కిసలాటలు నిండిన ఆ వీధులలో ఈ పిల్లలు బారులు తీరి నడచిపోవడం చూచినవారు ఆ దృశ్యాన్ని బ్రతికినంతకాలం మరువలేకపోయారు. రైలు ట్రెబ్లింకాకు చేరింది. వారెవ్వరూ తిరిగి రాలేదు.

ఆ చివరి నెలలలో కోర్చాక్ రాసుకొన్న దినచర్య భద్రంగా ఘెట్టో గోడ దాటింది. 1958లో అచ్చయింది. ట్రెబ్లింకాలో హతులైనవారి స్మృతిగా నిలిపిన వేలాది శిలలలో ఒకదానిపై కోర్చాక్, పిల్లలు అని చెక్కారు. బిడ్డ రేపటి మనిషి కాదు, నేటి మనిషియేనన్న ఆయన భావన కాలక్రమంలో లోకానికి అవగతమైంది. బాలల హక్కులపై అంతర్జాతీయ ఒడంబడిక కావాలని 1978లో ప్రతిపాదించిన దేశం పోలండు. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 1992లో దానిని అంగీకరించింది. నేడు యుద్ధప్రాంతాలలో, శరణార్థి శిబిరాలలో పిల్లలకోసం ప్రత్యేక స్థలాలను ఏర్పరచి, నిర్ణీత వేళలలో ఆటలు, పాఠాలు, చిత్రలేఖనం, నాటకం నిర్వహించడం సహాయ కార్యక్రమాలలో భాగమైంది. కోర్చాక్ ఆనాడు ఘెట్టోలో చేసినది కూడ అదే.

కోర్చాక్ తన పిల్లలను మృత్యువునుండి రక్షించలేకపోయాడు. ఆ నేరం ఆయనది కాదు. కాని మృత్యువు తలుపు తట్టేవరకు వారి బాల్యాన్ని రక్షించాడు. వారికి భయానికి బదులుగా చేయవలసిన పనిని, అన్యాయానికి ఎదురుగా తమదైన న్యాయస్థానాన్ని, మూసిన గదికి ఒక కిటికీని ఇచ్చాడు. ఆపదలో ఉన్న బిడ్డకు పెద్దలు ఇవ్వగలిగినది అన్నం, ఔషధం మాత్రమే కాదు. ఈనాటి పని ఈనాడు చేద్దామనే క్రమం, నీ మాట మేము వింటామనే గౌరవం, నిన్ను విడిచిపోమనే భరోసా కూడ ఇవ్వవలసి ఉన్నది. మన చుట్టూ ఉన్న పిల్లలపట్ల ఆ గౌరవాన్ని చూపగలిగిననాడు మనం ఆ పిల్లల డాక్టరుకు నిజమైన నివాళి అర్పించినవారమవుతాం.